నీలి అంచు కంచం

గిటారు తీగలు ఆరూ తెగి వేలాడుతున్నాయి. వాటంతట అవి తెగినవి కావు. ఎవరో పనిగట్టుకుని కోసేశారు.

నోలా దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. తెల్లవారితే ఆదివారం, సమాధులు అలంకరించే రోజు. ఊళ్ళో జనమే కాదు, ఎక్కడెక్కడి వాళ్ళో రెండు రోజుల ముందే వచ్చి వాగు ఒడ్డున గుడారాలు వేసుకుని ఉన్నారు. వాళ్ళంతా వచ్చింది ఒక్క పాట కోసం. నలభై రెండేళ్ళ కిందట ఆ పాట రికార్డుకెక్కింది ఈ గిటారు మీదే.

"ఎలుకల పనేమో," అన్నాడు ఆమె భర్త రాయిస్, కాఫీ ఊదుకుంటూ.

"ఎలుకలు కటింగ్ ప్లేయర్ పట్టుకుని తిరుగుతున్నాయా? నీ బుర్రకో దణ్ణమయ్యా!"

"నేనే కోశాను," అంది ఓమా.

బల్ల దగ్గర కూర్చుని ముడతల కాగితం పువ్వుల్ని ఒక్కొక్కటే కరిగిన మైనంలో ముంచి తీస్తోంది. మైనం పట్టిస్తే వాన పడ్డా రంగు కారదు. ఆ మాట అంటున్నప్పుడు తలైనా ఎత్తలేదు. ఓమా నోలాకు మేనత్త. అరవై ఏళ్ళు, పెళ్ళి చేసుకోలేదు. నోలా పుట్టిన రోజే తల్లి లియోనా కన్నుమూస్తే, పదిహేడేళ్ళ ఓమా ఆ పసిగుడ్డును ఒళ్ళోకి తీసుకుంది. నోలా అన్న పేరు కూడా ఆవిడ పెట్టిందే.

"నీకేమైనా మతి పోయిందా అత్తా? రేపు పొద్దున నాన్న ఏం పట్టుకుని పాడతాడు?"

"పాడకూడదనే కోశాను."

"అసలు అది ఎవరి గిటారనుకున్నావ్?"

"నాదే. రికార్డు మీద వాయించిన చెయ్యి ఇదిగో, చూసుకో. గిటారు నాది, తీగలు నావి. ప్లేయర్ ఒక్కటే మీ ఆయనది. కావాలంటే దానికి క్షమాపణ చెప్పుకుంటాను."

రాయిస్ నవ్వబోయాడు. పెళ్ళాం మొహం చూసి ఆ నవ్వు కాఫీతోబాటు మింగేశాడు.

"మంగళవారం ఆ కొత్త రాయి వచ్చింది కదా," అంది ఓమా. "కప్పిన గుడ్డ ఎత్తి చదివాను. 'ఈ పాట ఈమె కోసం పుట్టింది' అని మీ అమ్మ తల దగ్గర చెక్కించారు ఆ స్మారక సంఘం వాళ్ళు. జనం నోళ్ళలో ఎలా నలిగితే అలా నలగనీ అని ఇన్నేళ్ళూ ఊరుకున్నాను. రాతి మీదికి ఎక్కాక మాత్రం ఊరుకోను. అది అబద్ధం."

"ఏది అబద్ధం?"

ఓమా చేతిలోని ఎర్ర పువ్వును మైనంలోంచి తీసి, చుక్కలు కారేదాకా ఆగింది.

"ఆ పాట మీ అమ్మ కోసం కట్టింది కాదే, నోలా."

నోలా గిటారును కుర్చీలో పెట్టింది. పెట్టిందో పడేసిందో ఆమెకే తెలియదు.

తల్లిదంటూ ఆమెకు ఒక్క ఫొటో లేదు. గొంతు తెలియదు, నవ్వు తెలియదు. తండ్రి ఈనాక్ నోరు విప్పి ఆమె గురించి ఒక్క ముక్క చెప్పిన పాపాన పోలేదు. ఆ మాటకొస్తే ఆయన కూతుర్ని పేరు పెట్టి పిలిచింది కూడా లేదు. 'అమ్మాయ్' అంటాడు. కోపమొస్తే అదీ అనడు. నోలాకు తల్లి అంటే ఆ పాటే. భార్య పోయిన మగాడు పొద్దుపోయాక బల్ల మీద ఆమె నీలి అంచు కంచం కూడా పెట్టుకుని, ఎదురుగా కూర్చుని తినలేక కుమిలిపోయే పాట. 'అమ్మంటే నాన్నకి ఇంత ప్రాణం' అని ఆమె ఆ పాటను పట్టుకునే నలభై మూడేళ్ళు బతుక్కొచ్చింది.

ఎంత పాట అది! రేడియోలో అది వస్తే లారీ డ్రైవర్లు బండి రోడ్డు పక్కకి తీసి ఆపేస్తారు. పక్క లోయలో గని పైకప్పు కూలి పదకొండు మంది లోపల ఉండిపోయినప్పుడు, బయట వానలో నిలబడ్డ ఆడవాళ్ళు పాడుకున్నది అదే. యుద్ధంలో ఉన్న కుర్రాళ్ళు దాని మాటలు రాసి పంపమని ఈ ఇంటికి ఉత్తరాలు రాసేవారు. ఒకసారి ఓక్లహోమా నుంచి ఒకావిడ మూడు బస్సులు మారి వచ్చి, తన ఇంటి నీలి అంచు ఎనామిల్ కంచం లియోనా సమాధి మీద పెట్టి, ఎవరినీ పలకరించకుండా వెళ్ళిపోయింది. అది మొదలు. ఇవాళ ఆ సమాధి మీద మట్టి కనపడదు. పేరూ ఊరూ తెలియని మనుషులు తెచ్చి పెట్టిన కంచాలే అన్నీ. వాన పడితే ఆ కంచాల మీద చినుకుల మోత ఇంటిదాకా వినిపిస్తుంది.

ఇక పాట చివర పాటించే మౌనం సంగతి. రికార్డులో ఉన్నవి మూడు చరణాలు. మొదటి సంవత్సరం సమాధి దగ్గర ఈనాక్ మూడు చరణాలూ పాడి, టోపీ తీసి, ఇంకో చరణం పట్టేంతసేపు కదలకుండా నిలబడ్డాడట. జనమూ నిలబడ్డారు. మరుసటి ఏడు కూడా అంతే. అదే ఆనవాయితీ అయి కూర్చుంది. ఇప్పుడు ఎక్కడో టెక్సాస్‌లో, తాగి తూలుతున్న జనం మధ్య ఎవరైనా ఈ పాట పాడినా, మూడో చరణం కాగానే గ్లాసులు కింద పెట్టి అంతసేపూ నోరు కట్టుకుని కూర్చుంటారట. ఎందుకో ఒక్కరికీ తెలియదు. చిన్నప్పుడు నోలా ఆ కాసేపూ ఊపిరి బిగబట్టేది. అమ్మ అందులోనే ఉందని ఆమెకు గట్టి నమ్మకం.

"రెండో చరణం చెప్పు," అంది ఓమా.

"అత్తా, నాకు ఒళ్ళు మండిపోతోంది."

"మండనీ. చెప్పు."

నోలా పాడలేదు, అప్పగించినట్టు చెప్పింది.

*చిన్న కంచం బల్ల మీద చివరగా నే పెట్టినాను,*
*ఎవరికంటే ఏమి చెబుదు, ఎత్తలేక ఏడ్చినాను.*

"ఆగక్కడ. ఏ కంచం?"

"చిన్న కంచం."

"మీ అమ్మ నాగలి పట్టిన మగాడికి సమంగా తినేది. ఆవిడకి చిన్న కంచం ఎవడు పెడతాడే? దేశం దేశమంతా నలభై ఏళ్ళుగా ముక్కు చీదుకుంటోంది గానీ, కంచం చిన్నదెందుకయిందని ఒక్కడూ అడగలేదు!"

రాయిస్ కప్పు బల్ల మీద పెట్టాడు. ఈసారి ఆయన మొహంలో నవ్వు లేదు.

"మూడోది నేనే చెప్తా విను," అంది ఓమా.

*కొండ మీద మంచు పడితే దుప్పటెవరు కప్పుతారు,*
*చీకటంటే భయము నీకు, దీపమెవరు పెట్టుతారు.*

"లియోనాకి చీకటంటే భయమా? కోళ్ళ గూటి మీదకి ఎలుగొస్తే మండుతున్న కట్టె పట్టుకుని వాగుదాకా తరిమిన మనిషి! చీకటంటే భయపడింది క్లెల్. నీ అన్న."

నోలా అత్త వైపు తిరిగింది. "పురిట్లోనే పోయాడన్నారు కదా," అంది.

"అలా చెప్పమన్నది మీ నాన్న. నాలుగేళ్ళు బతికాడు నా తండ్రి. కంఠసర్పి వచ్చి, గొంతు పూడుకుపోయి ఐదు రోజుల్లో పోయాడు, నువ్వు పుట్టడానికి ఏడాదిన్నర ముందు. మీ అమ్మ సమాధికి ఎడం పక్కన పేరు లేని బండరాయి ఉంది చూశావూ, అది వాడిది."

చూడకేం! ఏటా సమాధులు శుభ్రం చేసేటప్పుడు అత్త ఆ రాయి దగ్గర ఒక పువ్వు గుచ్చడం నోలా చూస్తూనే ఉంది. జనం తెచ్చిన కంచాల్లో పసిపిల్లలది ఏదైనా కనిపిస్తే అత్త దాన్ని తీసుకెళ్ళి అక్కడ పెట్టడమూ చూసింది. ఎవరో ఇరుగుపొరుగు వాళ్ళ బిడ్డ కాబోలు, పెద్దావిడ చాదస్తం అనుకుంది.

"ఏళ్ళ తరబడి మీరంతా తప్పు సమాధి ముందు పాడుతున్నారే," అంది ఓమా.

"అయితే నాన్న వాడి కోసం కట్టాడన్నమాట," అంది నోలా. ఆ మాట అంటుంటే ఆమెకు అమ్మ మరోసారి చచ్చిపోయినట్టే ఉంది. "అమ్మ కోసం ఏమీ కట్టలేదన్నమాట."

"మీ నాన్న ఏదీ కట్టలేదు."

"మరి?"

"బట్టలుతుకుతూ ఒక ముక్క, వెన్న చిలుకుతూ ఒక ముక్క. నా కళ్ళ ముందే కట్టింది. మీ అమ్మ."

రాయిస్ లేచి పొయ్యి మీది రెండో మైనం గిన్నె కింద మంట తగ్గించి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. అంత ఒద్దికగా ఆ మనిషి ఎన్నడూ నడిచి ఎరగడు.

నోలా రెండు చేతులూ బల్ల మీద ఆనించి నిలబడింది. అమ్మ గొంతు తెలియదని ఎన్ని రాత్రులు ఏడ్చింది! అమ్మ మాటలు పొద్దస్తమానం ఆమె చెవిలో పడుతూనే ఉన్నాయి. కిరాణా కొట్టు రేడియోలో, దారిన పోయే లారీలో, చర్చి మెట్ల మీద, గని ముందు వానలో. దేశంలో సగం మంది నోట ఆమె తల్లి మాట్లాడుతోంది. అది తల్లి అని తెలియనిది ఆమెకొక్కదానికే. నోలా పక్క కుర్చీలో కూలబడింది.

"మరి రికార్డు మీద నాన్న పేరు ఎందుకుంది?"

"పట్నంలో ఫర్నిచర్ కొట్టు మేడ మీద రికార్డు చేశారు. చప్పుడు రాకుండా గోడలకి బొంతలు కట్టారు. మీ అమ్మ పోయి ఏడు నెలలు. నిన్ను పక్కింటావిడ దగ్గర వదిలి నేనూ వెళ్ళాను. 'రికార్డు మీద పట్టేది మూడు నిమిషాలే, ఎర్ర బల్బు వెలిగిందంటే అవి అయిపోతున్నట్టు, ముగించెయ్యాలి' అన్నాడు మిషను దగ్గరతను. మూడో చరణం అయ్యేసరికి బల్బు వెలిగింది. మీ నాన్న టక్కున ఆపేశాడు. 'ఇంకో చరణముందా? ఉంటే కాస్త వేగం పెంచి మళ్ళీ పాడండి, పడుతుంది' అన్నాడతను మర్యాదగా. 'లేదు, పాట ఇంతే' అన్నాడు మీ నాన్న. నేను పక్కనే ఉన్నాను. గిటారు నా చేతిలోనే ఉంది. 'ఎవరు కట్టారు?' అని అడిగాడు. మీ నాన్న నోరు మెదపలేదు. మెదపకపోయేసరికి ఆయన పేరే రాసుకున్నారు."

"నాలుగో చరణం ఉందా?" నోలా ముందుకి వంగింది. "ఉందా అత్తా?"

"అది క్లెల్ మీద కాదు. నువ్వు కడుపులో ఉండగా కట్టింది."

ఓమా పువ్వులన్నీ పక్కకి జరిపి, మైనం అంటిన చేతుల్ని గౌను అంచుకి తుడుచుకుంది. కళ్ళు మూసుకుని, మాటకీ పాటకీ మధ్యన, సన్నగా అంది.

*వస్తున్నావా కొత్త చుట్టమా, వాకిలింకా మూయలేదు,*
*నీలి అంచు కంచముంది, నీకు తప్ప ఇవ్వబోను.*

"తర్వాత?"

"తర్వాత రెండు పాదాలు నాకు రావు. నేను గదిలోకి వస్తే నవ్వేసి ఆపేసేది. నేను పడుకున్నాక మీ నాన్నకి మాత్రం పాడి వినిపించేది. అవి తెలిసినవాడు భూమ్మీద ఒక్కడే ఉన్నాడు." ఓమా వీధి అరుగు వైపు చూసింది. "ఏటా మీరంతా టోపీలు తీసి నిలబడతారే, ఆ చోటు నీదే. నీకోసం పాడాల్సిన చరణం అంతసేపూ పాడకుండా నిలబడతాడు మీ నాన్న."

ఈనాక్ అరుగు మీద కుర్చీలో కూర్చుని దేవదారు పుల్ల చెక్కుతున్నాడు. డెబ్బై ఏళ్ళు వచ్చినా వెన్ను వంగలేదు. కింద వాగు ఒడ్డున గుడారాల దగ్గర ఎవరో అదే పాట మౌతార్గాన్ మీద వాయిస్తున్నారు. నోలా వచ్చి మెట్టు మీద కూర్చుంది.

"నాన్నా, క్లెల్ ఎలా ఉండేవాడు?"

కత్తి ఆగింది. మళ్ళీ కదిలింది. చెక్కపొట్టు కాస్త రేగి ఆమె పాదాల దగ్గర పడింది.

"ఓమా నోరు ఓమా చేతిలో లేదు," అన్నాడు.

"నలభై మూడేళ్ళు ఉంచుకుంది నాన్నా. ఇంకెంత ఉంచుకుంటుంది?"

ఆయన దగ్గర జవాబు లేకపోవడం నోలాకు కొత్త కాదు. ఆ అరుగు మీద అలాంటి సాయంత్రాలు వేలు గడిచాయి. కానీ ఇవాళ ఆమె లేచి వెళ్ళలేదు.

"నాలుగో చరణం నాదట."

"లోపలికెళ్ళు అమ్మాయ్."

"నేనేం అమ్మాయిని కాదు. రేపోమాపో అమ్మమ్మని అవుతాను. నాకో పేరుంది నాన్నా."

ఆ మాటకి ఈనాక్ తల తిప్పి కూతుర్ని చూశాడు. అలా ఆయన తన మొహంలోకి సూటిగా చూడటం ఎప్పుడు జరిగిందో నోలాకు గుర్తులేదు.

"ఉంది," అన్నాడు. "నీకో పేరుంది. నాకు తెలుసు."

మళ్ళీ పుల్ల చెక్కసాగాడు. కింద మౌతార్గాన్ మూడో చరణం ముగించింది. ఆ వెంటనే గుడారాల దగ్గర మాటలన్నీ ఆగిపోయాయి. వంట గిన్నెల చప్పుడు కూడా లేదు. ముక్కూ మొహం తెలియని వందమంది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు. తండ్రీ కూతుళ్ళిద్దరూ ఆ నిశ్శబ్దం ముగిసేదాకా ఆగారు. ఆగకుండా ఉండటం వాళ్ళ వల్ల కాదు.

"ఆ బల్బు వెలక్కపోయినా నేను పాడేవాణ్ణి కాదు," అన్నాడు ఈనాక్ కత్తి మడుస్తూ. "బల్బు మీద తోసేసి బతికాను. నువ్వు ఏడిస్తే నాకు ఆవిడ చివరి అరుపు వినపడేది. వస్తున్నావా అని నిన్ను అంత ముద్దుగా పిలిచింది. నువ్వొచ్చావు, ఆవిడ పోయింది. ఆ చరణం నీకు పాడాలంటే ముందు నిన్ను క్షమించాలి. అది నాకు చేతకాలేదు."

నోలా కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. "నేనేం చేశాను నాన్నా?"

"ఏం చెయ్యలేదు. అది తెలిసేసరికి నీకు పదేళ్ళు. అప్పటికి మౌనం ఆనవాయితీ అయిపోయింది. జనం దణ్ణం పెడుతున్నారు. నోరు తెరిస్తే ఆ పాట నాది కాదని కూడా చెప్పాలి. చెప్పడానికి సిగ్గేసింది."

"ఇప్పుడో?"

ఈనాక్ లేచి లోపలికి వెళ్ళిపోయాడు. కుర్చీ కింద పొట్టు కుప్ప మిగిలింది.

"రేపు నేను రాను," అని లోపల్నుంచి వినిపించింది.

ఆదివారం పొద్దున పది గంటలకు కొండంతా మనుషులే. సమాధుల పక్కన గడ్డి మీద దుప్పట్లు పరిచి, మొక్కజొన్న రొట్టెలు, చిక్కుడు కూర, వేయించిన కోడి, ఎండు యాపిల్ కేకులు వరసగా పెట్టారు. పాట అయ్యేదాకా ఎవరూ మూత తీయరు. ప్రతి సమాధి మీదా మైనం పువ్వులు ఎండలో మెరుస్తున్నాయి. లియోనా తల దగ్గర కొత్త రాయి తెల్లగుడ్డ కప్పుకుని ఉంది.

"ముందు ముసుగు తీద్దాం, తర్వాత పాట," అన్నాడు స్మారక సంఘం పెద్దమనిషి, మెడలో టై సర్దుకుంటూ.

"ముందు పాట," అంది నోలా. "ముసుగు తీయాలో వద్దో తర్వాత చూద్దాం."

"అదేమిటమ్మా, గవర్నరుగారి దగ్గర్నుంచి శుభాకాంక్షలు కూడా వచ్చాయి!"

"వచ్చినవాటిని కూర్చోబెట్టండి. కేకు పెడతాం," అంది ఓమా. పెద్దమనిషి వెనక్కి తగ్గాడు.

రానన్న మనిషి వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా, ఇంట్లోని కుర్చీ తనే మోసుకుని కొండెక్కి, లియోనా సమాధి దగ్గర కాదు, పేరు లేని బండరాయి పక్కన వేసుకుని కూర్చున్నాడు ఈనాక్. టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు. జనం ఆయన పాట మొదలుపెడతాడని చూశారు. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు గడిచాయి. గుసగుసలు మొదలయ్యాయి.

ఎవరూ అనుకోని చోటునుంచి పాట వచ్చింది. రాయిస్ ఎత్తుకున్నాడు! ఆయన గొంతు పాటకి పనికొచ్చేది కాదని చర్చిలో పాటల మేళం వాళ్ళు ఏనాడో తేల్చేశారు. శ్రుతీ లేదు, గిటారూ లేదు. అయినా మొదటి పాదం సగంలో ఉండగానే పదిమంది అందుకున్నారు. రెండో పాదానికి కొండంతా అందుకుంది.

*నీలి అంచు కంచమా, నువు బల్ల మీద ఉన్నావు,*
*కూడు చల్లబడిపోయె, కూర్చునేవాళ్ళు రారాయె.*

నోలా ఈ పాట కొన్ని వేలసార్లు విని ఉంటుంది. ఇవాళే వింటున్నట్టుంది. చిన్న కంచం అన్నచోట ఆమెకు నాలుగేళ్ళ పిల్లాడు కనిపించాడు. దుప్పటెవరు కప్పుతారు అన్నచోట, చేతికి తడి అంటిన ఒక ఆడమనిషి ఉతికే తొట్టి మీద వంగి కనిపించింది. గనిలో పని చేసే మొరటు మగాళ్ళు, గుడారాల్లోంచి వచ్చిన జుట్టు పెంచుకున్న కుర్రాళ్ళు, ఊతకర్రల మీద నిలబడ్డ ముసలివాళ్ళు, అందరూ ఆ తల్లి బెంగను తమ బెంగలా పాడుతున్నారు. చదువురాని ఒక కొండ ఊరి ఆడది వెన్న చిలుకుతూ అల్లుకున్న నాలుగు ముక్కలు! అవి ఇంతమందిని ఎలా పట్టాయి? ఓమా ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మూడో చరణం అయింది. టోపీలు దిగాయి. తలలు వంగాయి. మౌనం మొదలైంది. ఆ మౌనంలో దగ్గడం కూడా మహాపరాధం. తల్లులు పసిపిల్లల్ని భుజానికి అదుముకున్నారు.

నోలా నోరు తెరిచింది.

*వస్తున్నావా కొత్త చుట్టమా, వాకిలింకా మూయలేదు...*

తలలన్నీ ఒక్కసారిగా లేచాయి. ముందు వరసలో ఒక ముసలాయన "ఆగమ్మా!" అన్నాడు భయంగా. పక్కావిడ ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. నలభై రెండేళ్ళ మౌనం అది. దాన్ని తెంచే హక్కు ఎవరికుందో ఎవరికీ తెలియదు. నోలా ఆపలేదు.

*నీలి అంచు కంచముంది, నీకు తప్ప ఇవ్వబోను...*

అంతే. అక్కడిదాకానే ఆమెకు వచ్చు. ఆ చరణం ఇంకా ఉందని రాగం వినగానే ప్రతివాళ్ళకీ తెలిసిపోయింది. జనం మంచులో తలుపు తెరుచుకోవాలని నిలబడ్డవాళ్ళలా ఉన్నారు. నోలా ఇక ఎవరినీ చూడలేదు. తండ్రినే చూసింది.

ఈనాక్ బండరాయి మీద చెయ్యి ఆనించాడు. దాని ఆసరాతో లేచి నిలబడ్డాడు. మోకాలి మీది టోపీ గడ్డిలో పడింది, తీసుకోలేదు. పెదవులు రెండుసార్లు కదిలాయి, శబ్దం రాలేదు. మూడోసారి వచ్చింది. అది రికార్డులో ఉన్న గొంతు కాదు. అరిగిపోయిన, బొంగురు గొంతు. కూతురి కళ్ళలోకి చూస్తూ పాడాడు.

*అర్మింటా అని పిలిచితే, అమ్మా అని పలుకుతావా...*

ఓమా "దేవుడా!" అంటూ నోరు నొక్కుకుంది. పేరు పెట్టాల్సిన తల్లి పెట్టకుండానే పోయిందనుకుని, ఉయ్యాల్లో బిడ్డకి తనకు తోచిన పేరు పెట్టింది ఆవిడే.

నోలా అక్కడే గడ్డిలో, కంచాల మధ్య, మోకాళ్ళ మీద కూలిపోయింది. కన్నతండ్రి తనను పేరు పెట్టి పిలవడం ఆమె వినడం అదే మొదలు. ఆ పేరు నోలా కాదు.

ఈనాక్ ఆగాడు. కొండ మీద వెయ్యి మంది ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. అమ్మ అడిగిన ప్రశ్న గాలిలో అలాగే ఉంది. చివరి పాదం ఇంకా ఆయన నోట్లోనే ఉంది.